నూట పదహార్లే ఎందుకు? – పెళ్ళి చదివింపుల లెక్క

మా తెలుగు బడిలో మూడో తరగతి పిల్లలకు నూరు దాటిన అంకెలు చెబుతున్న రోజది. నూట ఒకటి, నూట రెండు అంటూ అందరం కలిసి పాడుకుంటూ నూట పదహారు దగ్గరకు వచ్చేసరికి వెనక వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మాస్టారూ, ఈ నంబరు నాకు తెలుసు. పెళ్ళికి వెళ్ళేటప్పుడు మా నాన్న చెక్కు మీద ఇదే రాస్తారు. నూట ఇరవై అని రాస్తే ఈజీ కదా, నూట పదహారే ఎందుకు?"

నేను జవాబు వెతుక్కునేలోపే పక్కనున్న కుర్రాడు అందుకున్నాడు. "మా ఇంట్లో అయితే ఎంత రాయాలో అని మమ్మీ డాడీ కార్లో పార్కింగ్ దాకా ఆర్గ్యూ చేసుకుంటారు మాస్టారూ!"

క్లాసంతా నవ్వింది. గది వెనక కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులు కూడా నవ్వారు, కానీ ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకంటే మా కార్లో కూడా అదే జరుగుతుంది.

ఆ అమ్మాయికి ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. "అది మన ఆచారమమ్మా" అని దాటేశాను. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం. పిల్లలకు అర్థం కాని చోట పెద్దలు చదివి చెప్పండి. పెద్దలకు అర్థం కాని చోట అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్లో అడగండి.

చదివింపులు అంటే ఎవరు చదువుతారు?

పెళ్ళిలో ఇచ్చే డబ్బును మనం "చదివింపులు" అంటాం. తెలంగాణ మిత్రులు చాలామంది "కట్నం రాయించడం" అంటారు. ఒకరు చదవడం, ఇంకొకరు రాయడం. ఈ రెండు మాటల్లోనే అసలు సంగతంతా ఉంది.

మా ఊరు తెనాలి దగ్గర. చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్ళంటే పందిరి కింద ఒక మూల చాప పరిచి, దాని మీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చునేవారు. ఒకరి చేతిలో కొత్త నోటు పుస్తకం, నాలుగు మూలలా పసుపు రాసి ఉండేది. మొదటి పేజీ మీద "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" అని రాసేవారు. రెండో ఆయన డబ్బు అందుకుని లెక్కపెట్టి, పళ్ళెంలో వేసి గట్టిగా చదివేవారు: "ఫలానా ఇంటివారు, వధూవరులకు నూట పదహారు రూపాయలు!" పుస్తకం పట్టుకున్నాయన అది రాసుకునేవారు. కొన్ని పెళ్ళిళ్ళలో పురోహితుడుగారే చదివేవారు. ఆ తర్వాత మైకులు వచ్చాయి, ఊరంతటికీ వినిపించేది.

డబ్బే కాదు. బస్తా బియ్యం, కుండెడు పెరుగు, పేరు కొట్టించిన స్టీలు బిందె, మేనమామ తెచ్చిన పట్టుచీర, అన్నీ ఆ పుస్తకంలోకి ఎక్కేవి. మీ ఇంట్లో ఎక్కడైనా పాత స్టీలు గిన్నె ఉంటే తిరగేసి చూడండి. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఎవరిదో పేరు, ఒక తారీఖు కనిపించవచ్చు. అదీ ఒక చదివింపే.

ఇక్కడ పిల్లలకు ఒక మాట. "కట్నం" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పెళ్ళికి వచ్చిన వాళ్ళు తమంతట తాము ఇచ్చేది ఒకటి. మగపెళ్ళివారు ఆడపిల్ల తల్లిదండ్రుల్ని అడిగి పుచ్చుకునేది రెండోది. రెండోది 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరం. అడగకుండా ఇచ్చే కానుకలకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది గానీ, వాటికి ఒక జాబితా ఉండాలి. 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం వధువుకు వచ్చిన కానుకల జాబితా వధువు, వరుడికి వచ్చినవాటి జాబితా వరుడు రాసి పెట్టుకోవాలి. ఏ వస్తువు, సుమారు విలువెంత, ఇచ్చినవారి పేరేమిటి, బంధువులైతే ఏ వరస, ఇవన్నీ అందులో ఉండాలి. చాప మీద కూర్చున్న పెద్దమనుషులు ఏ చట్టమూ చదవకుండానే ఇంచుమించు అదే పని చేసేవారు.

ఆ పుస్తకం ఎందుకు?

మా నాన్నగారి దగ్గర అలాంటి పుస్తకం ఒకటి ఉంది. 1985లో మా మేనత్త పెళ్ళిది. నాలుగేళ్ళ కిందట ఇంటికి వెళ్ళినప్పుడు బీరువాలోంచి తీసి చూపించారు. అందులో ఎక్కువ పేర్ల పక్కన ఉన్నవి చిన్న అంకెలే: 10, 16, 25. అక్కడక్కడ 51. నూట పదహార్లు ఇచ్చినవాళ్ళు బాగా దగ్గరివాళ్ళు, వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ప్రతి పేరు పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు, దాని కింద ఒక సంవత్సరం. "ఈ టిక్కులేంటి నాన్నా?" అని అడిగాను.

"వాళ్ళింట్లో శుభకార్యం అయినప్పుడు మనం తిరిగి చదివించాం అని గుర్తు. టిక్కు లేదంటే ఇంకా బాకీ ఉన్నట్టు."

అప్పటిదాకా నేను చదివింపులంటే కానుకలు అనుకున్నాను. నిజానికి అవి కానుకా, అప్పూ కలిసిన ఒక ఏర్పాటు. ఆలోచించి చూడండి. ఒక రైతు ఇంట్లో పెళ్ళంటే ఒక్కసారిగా పెద్ద ఖర్చు. పంట డబ్బు ఏడాదికి ఒకసారో రెండుసార్లో చేతికి వస్తుంది. బ్యాంకులో పెళ్ళికి అప్పు పుట్టే రోజులు కావు. అందుకని ఊళ్ళో నూట యాభై ఇళ్ళవాళ్ళు తలా కాస్త వేస్తారు. ఇల్లొక్కింటికి ఇరవై రూపాయలనుకున్నా మూడు వేలు. ఎవరికీ భారం కాదు, పెళ్ళివారికి మాత్రం కొండంత అండ. రేపు ఆ నూట యాభై ఇళ్ళలో ఎవరికి పెళ్ళి వచ్చినా వీళ్ళు తిరిగి వేస్తారు. వడ్డీ లేదు, ప్రామిసరీ నోటు లేదు, గడువు లేదు. హామీ ఒక్కటే, ఆ పసుపు రాసిన పుస్తకం. గట్టిగా చదవడం కూడా గొప్పల కోసం మొదలైంది కాదు. పదిమంది సాక్షులుగా లెక్క తేలాలని.

ఇది మన ఒక్కళ్ళకే ఉన్న ఏర్పాటు కాదు. తమిళనాడులో పుదుక్కోట్టై, తంజావూరు జిల్లాల్లోని కొన్ని ఊళ్ళలో "మొయి విందు" అని చేస్తారు. పెళ్ళి లేకపోయినా, ఆషాఢ శ్రావణాల్లో భోజనం పెట్టి చదివింపులు రాబట్టుకుని, ఆ డబ్బుతో వ్యాపారమో వ్యవసాయమో చేసుకుంటారు. తమ వంతు వచ్చినప్పుడు ఇతరులకు తిరిగి వేస్తారు. కొరియావాళ్ళ పెళ్ళిళ్ళలో హాలు బయట ఒక బల్ల వేసి, కవర్లు తీసుకుని పేర్లు పుస్తకంలో రాసుకుంటారు. మీ ఆఫీసులో కొరియా మిత్రులుంటే అడగండి, వాళ్ళ నాన్నగారి బీరువాలో కూడా ఒక పుస్తకం ఉండే ఉంటుంది.

ఇక నూట పదహారు సంగతి

దీనికి ఎక్కువగా చెప్పే కథ నిజాం రూపాయలది. హైదరాబాదు సంస్థానానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయి కంటే దాని విలువ కొంచెం తక్కువ. ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. ఆ లెక్కన నూరు బ్రిటిష్ రూపాయలకు నూట పదహారు రూపాయల పదణాల ఎనిమిది పైల హాలీ సిక్కాలు. (పెద్ద పిల్లలు 100ను 7తో హెచ్చవేసి 6తో భాగించి చూడండి. అణా అంటే రూపాయిలో పదహారో వంతు, పై అంటే అణాలో పన్నెండో వంతు.) కాబట్టి నిజాం ఇలాకాలో నూట పదహారు ఇస్తే, అవతల నిండుగా నూరు ఇచ్చినట్టన్నమాట.

కథ బాగుంది, లెక్కా కుదిరింది. అయితే నిజాం సిక్కా చెల్లని గుంటూరు, గోదావరి జిల్లాల్లోనూ నూట పదహార్లే చదివించారు. పండితులకు, కవులకు సంభావన ఇచ్చినా నూట పదహార్లే. కాబట్టి ఒక్క మారకం లెక్కతోనే పని తీరదు. పదహారు అనే అంకె మీద మనకున్న మక్కువ కూడా అందులో ఉందనిపిస్తుంది. భారతదేశంలో 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. పదహారణాలంటే ఏ లోటూ లేని నిండు రూపాయి. "పదహారణాల తెలుగమ్మాయి" అంటాం చూడండి, అదే. నూరు మీద పదహారు వేస్తే, నూరు రూపాయలూ ఇచ్చి దాని మీద నిండుతనాన్ని కూడా ఇచ్చినట్టు.

నూటొకటి, ఐదొందల ఒకటి అని ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. సున్నాతో ముగిస్తే లెక్క మూసేసినట్టు, ఒకటి కలిపితే ఇంకా కొనసాగుతుందని నమ్మకం. అందుకే ఇండియాలో దొరికే పెళ్ళి కవర్ల మీద రూపాయి బిళ్ళ అతికించి అమ్ముతారు.

కానీ పిల్లలూ, ఒక సంగతి గమనించండి. అంకె నిలిచింది గానీ దాని విలువ నిలవలేదు. 1985లో పది గ్రాముల బంగారం రెండు వేల నూరు రూపాయల పైచిల్లర. అంటే అప్పటి నూట పదహార్లకు అర గ్రాముకు పైగా బంగారం వచ్చేది. 2025లో పది గ్రాములు లక్ష రూపాయలు దాటింది. ఆ అర గ్రాముకు ఐదు వేల పైన పెట్టాలి. బంగారం మిగతా సరుకుల కంటే ఎక్కువ పెరిగిందన్నది నిజమే. అయినా మా మేనత్త పెళ్ళిలో నూట పదహార్లు ఎంత పెద్ద మాటో దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి "ఆనవాయితీ ఎంత?" అన్న ప్రశ్నకు అంకెలో జవాబు దొరకదు. వేరేచోట వెతకాలి.

నేను చేసిన పొరపాటు

ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది, కానీ చెప్పకపోతే వ్యాసం అబద్ధమవుతుంది.

2006లో సెలవు మీద ఇంటికి వెళ్ళాను. మా పక్కింటి బాబాయిగారి పెద్దమ్మాయి పెళ్ళి. రక్తసంబంధం కాదు, వరస పెట్టి పిలుచుకునే బాబాయి. చిన్నప్పుడు నన్ను సైకిలు మీద బడికి దింపిన మనిషి. అమెరికా వచ్చి నాలుగేళ్ళయింది, చేతిలో నాలుగు డాలర్లు ఆడుతున్నాయి. ఆ రోజుల్లో డాలరుకు నలభై అయిదు రూపాయలు. ఐదు వందల డాలర్లలోపే కదా అనుకుని ఇరవై వేల నూట పదహార్లు చదివించాను. మా ఊళ్ళో అప్పటి మాట ఐదొందల పదహార్లు, బాగా దగ్గరివాళ్ళయితే వెయ్యి నూట పదహార్లు. మైకులో నా పేరు రెండుసార్లు చదివారు. భోజనాల దగ్గర కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. నాకు గర్వంగానే అనిపించింది.

2012లో మా తమ్ముడి పెళ్ళి అయింది. బాబాయిగారు వచ్చి ఇరవై వేల నూట పదహార్లు చదివించారు. నేను "ఎందుకు బాబాయ్ అంత?" అన్నాను. "ఉండనీ అబ్బాయ్" అని నవ్వేశారు. నేనూ మర్చిపోయాను.

రెండేళ్ళ తర్వాత ఏదో మాటల్లో అమ్మ చెప్పింది. ఆ డబ్బు కోసం ఆయన రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారట. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు. ఇరవై వేలకు నెలకు నాలుగు వందలు, ఏడాదికి నాలుగు వేల ఎనిమిది వందలు. ఆ ఏడాది పంట సరిగా రాక, అసలు తీరడానికి రెండేళ్ళు పట్టిందట.

"ఆయన అంత ఇవ్వకపోతే ఏమయ్యేదమ్మా? మనం అడిగామా?" అన్నాను.

"మనం అడగలేదురా. పుస్తకం అడిగింది. నువ్వు ప్రేమతోనే ఇచ్చావు, కాదన్ను. కానీ తిరిగి దించుకోలేని బరువు వాళ్ళ నెత్తిన పెట్టావు."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను ఐదు వందల డాలర్ల కానుక ఇచ్చాననుకున్నాను. ఆయన ఆరేళ్ళపాటు ఒక అప్పు మోశారు. తక్కువ ఇస్తే అవమానమవుతుందని మనమందరం భయపడతాం. ఎక్కువ ఇచ్చినా అవమానం కావచ్చునని నాకు అప్పుడు తెలిసింది.

2015లో ఆయన చిన్నమ్మాయి పెళ్ళి. ఈసారి వెళ్ళి వెయ్యి నూట పదహార్లే చదివించాను. ఆ అమ్మాయి నర్సింగు చదువుకు చివరి ఏడాది ఫీజు అంతకుముందే కట్టాను, మైకులో కాదు, పుస్తకంలో కాదు. బాబాయిగారు నా భుజం మీద చెయ్యి వేసి "ఇప్పుడు బాగుంది అబ్బాయ్" అన్నారు. అంతే. అప్పుడర్థమైంది, చదివింపు వేరు, సాయం వేరు. చదివింపు పదిమందిలో సమానంగా నిలబడటానికి. సాయం చెవినపడకుండా చేయడానికి. రెండూ ఒకే కవర్లో పెట్టకూడదు.

పుస్తకం లేని ఊరు

ఇప్పుడు మనం ఉండే చోటికి వద్దాం. ఇక్కడ చాప లేదు, పుస్తకం లేదు. హాలు గుమ్మంలో అందమైన పెట్టె, దానికొక చిన్న గాడి. కవరు అందులో వేసి లోపలికి వెళ్తాం. ఎవరెంత ఇచ్చారో ఎవరికీ తెలియదు. సుఖమే కదా? కానీ పుస్తకంతో పాటు "మన ఊళ్ళో మాట ఎంత" అన్నది కూడా పోయింది. అందుకే పార్కింగ్ లాటులో గొడవలు.

ఆ ఖాళీలోకి ఇక్కడి లెక్క ఒకటి వచ్చి కూర్చుంది: ప్లేటు ఖర్చు. "హాలు పెద్దది, ప్లేటు వంద డాలర్లు ఉంటుంది, మనం నలుగురం, కనీసం నాలుగు వందలు పెట్టాలి" అంటారు. ఇది అమెరికన్లలో కూడా కొందరు పాటించే లెక్కే గానీ, వాళ్ళ మర్యాదల పుస్తకాలు రాసేవాళ్ళే దీన్ని ఒప్పుకోరు. మనకైతే అసలు పొసగదు. మన పెళ్ళి భోజనం టిక్కెట్టు కొని తినేది కాదు. ఏ హాలు తీసుకోవాలో, ఎన్ని కూరలు వండించాలో పిలిచినవాళ్ళు వాళ్ళ ముచ్చట కొద్దీ నిర్ణయించుకుంటారు. దాని బిల్లు వచ్చినవాళ్ళు పంచుకోనక్కర్లేదు.

ప్లేటు లెక్క వల్ల జరిగే నష్టం నా కళ్ళారా చూశాను. 2023లో సాఫ్ట్‌వేరు కంపెనీల్లో ఉద్యోగాల కోత జరిగినప్పుడు మాకు బాగా తెలిసిన ఒకాయనకు ఉద్యోగం పోయింది. అదే నెలలో మా స్నేహితుల ఇంట్లో పెళ్ళి. భార్యాభర్తలిద్దరూ రాలేదు. ఒంట్లో బాగా లేదని కబురు పంపారు. చాలా నెలల తర్వాత, కొత్త ఉద్యోగం వచ్చాక, నాతో అన్నాడు: "ఉన్న పరిస్థితిలో నాలుగొందలు పెట్టలేను. యాభై పెట్టి అంత పెద్ద హాలుకి ఎలా రావాలి? అందుకే మానేశాను."

నేను ఆ మాట పెళ్ళికూతురి తల్లికి చెప్పాను, ఆయన అనుమతితోనే. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "పూలదండలు గుచ్చడానికి ఆ అమ్మాయి వస్తుందని రాత్రంతా ఎదురుచూశాను. మాకు డబ్బెందుకు? ఇక్కడ మా తరఫున నిలబడే మనుషులెంతమంది ఉన్నారని?"

సొంతవాళ్ళు సముద్రాల అవతల ఉన్నచోట పెళ్ళికి మనిషి రావడమే పెద్ద చదివింపు. మనం ఇచ్చే డబ్బు లెక్క మనుషుల్ని గుమ్మంలోనే ఆపేస్తోందంటే, ఆ లెక్క తప్పన్నమాట.

మా ఇంట్లో పాటించే లెక్క

నేను వృత్తిరీత్యా ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి కనుక, మా ఆవిడా నేనూ కలిసి దీన్ని నాలుగు ప్రశ్నల కింద రాసుకున్నాం. ఇది శాస్త్రం కాదు. మీకు నచ్చితే వాడుకోండి, నచ్చకపోతే మార్చుకోండి.

ఒకటి, వరస. వీళ్ళు మనకు ఏమవుతారు? అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే మన పిల్లల్ని ఎవరింట్లో దింపుతామో వాళ్ళే ఇక్కడ మన దగ్గరివాళ్ళు. తర్వాత నిత్యం కలిసే స్నేహితులు. ఆ తర్వాత ఆఫీసువాళ్ళు, గుళ్ళో పరిచయమైనవాళ్ళు. మా లెక్కలో ఈ మూడింటికీ 201, 101, 51. మీ ఇంటి అంకెలు వేరు కావచ్చు, మెట్లు ఉండటం ముఖ్యం. మెట్లు ముందే నిర్ణయించుకుంటే హాలు చూసి అంకె మారదు.

రెండు, పుస్తకం. వాళ్ళు మనకేం చేశారు? డబ్బే కానక్కర్లేదు. ప్రసవం అయినప్పుడు పదిరోజులు క్యారేజీ తెచ్చినవాళ్ళను యాభై డాలర్ల మెట్టు మీద పెట్టలేం. మా ఇంట్లో ఇప్పుడు ఒక నోటు పుస్తకం ఉంది. అందులో డబ్బుతో పాటు ఇలాంటివి కూడా రాస్తాం.

మూడు, స్తోమత. ఏడాదికి శుభకార్యాల కోసం ఎంత తీయగలమో ముందే అనుకోవాలి. నెలకు నలభై డాలర్లు పక్కన పెడితే ఏడాదికి 480. దాంతో ఒక 201, రెండు 101లు, ఒక 51 అయితే మొత్తం ఎంత, ఇంకెంత మిగులుతుంది? పిల్లలూ, మీరు వేసి చెప్పండి. ఈ డబ్బు అయిపోతే కానుక మాత్రమే తగ్గాలి, వెళ్ళడం తగ్గకూడదు. క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి చదివించాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. వేరే రాష్ట్రంలో పెళ్ళికి నలుగురూ విమానమెక్కి వెళ్తుంటే ఆ టిక్కెట్ల ఖర్చు కూడా చదివింపులో భాగమే అనుకోండి. పిలిచినవాళ్ళకూ ఆ సంగతి తెలుసు.

నాలుగు, నేను ఆలస్యంగా నేర్చుకున్న ప్రశ్న. వాళ్ళు తిరిగి ఇవ్వగలరా? ఇది ఇండియాలో చదివించేటప్పుడు తప్పకుండా వేసుకోవాలి. డాలర్లను రూపాయల్లోకి మార్చి మురిసిపోకుండా, ఆ ఊళ్ళో మన వరసవాళ్ళు ఎంత చదివిస్తున్నారో ఇంట్లో పెద్దల్ని అడిగి అంతే చదివించండి. అంతకుమించి చేయాలనిపిస్తే, చాలా మంచిది, పుస్తకానికి ఎక్కకుండా చేయండి.

కొన్ని చిన్న జాగ్రత్తలు

చెక్కు రాసేటప్పుడు: కొత్త దంపతులకు ఉమ్మడి ఖాతా ఇంకా ఉండకపోవచ్చు, అమ్మాయి ఇంటిపేరు మారకపోవచ్చు. ఇద్దరి పేర్ల మధ్య "అండ్" అని రాస్తే ఇద్దరూ సంతకం పెట్టాలి. "ఆర్" అని రాస్తే ఎవరో ఒకరు వేసుకోవచ్చు. లేదా మీకు తెలిసినవారి ఒక్కరి పేరే ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయండి.

కవరు మీదే కాదు, లోపలి కార్డు మీద కూడా మీ పూర్తి పేరు రాయండి. కవర్లు చింపాక కాగితాలు కలిసిపోతాయి. "సుబ్బు అండ్ ఫ్యామిలీ" అని రాస్తే ఆ ఇంట్లో నలుగురు సుబ్బులు తేలతారు.

ఆహ్వానం మీద "నో బాక్స్‌డ్ గిఫ్ట్స్" అని ఉంటే వస్తువులు వద్దని అర్థం. "మీ ఆశీస్సులే మాకు కానుక" అని ఉంటే ఆ మాటను గౌరవించండి, ఒక మంచి ఉత్తరం రాసి ఇవ్వండి. దంపతులు ఏదైనా దుకాణంలో తమకు కావలసిన వస్తువుల జాబితా పెట్టుకుంటే అందులోంచి మీ స్తోమతకు తగినది చూసుకోండి. చికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ దుకాణంలో 1924లో మొదలైన ఈ పద్ధతి, పది స్టీలు బిందెలు రాకుండా చూసుకునే ఉపాయమే.

పన్ను సంగతి: భారతదేశంలో పెళ్ళి సందర్భంగా వధూవరులకు వచ్చిన కానుకల మీద ఆదాయపు పన్ను లేదు. అమెరికాలో కూడా పుచ్చుకున్నవారికి పన్ను ఉండదు. ఇచ్చేవారు ఒక మనిషికి ఏడాదిలో ఒక హద్దు దాటి ఇస్తే (2025లో అది 19,000 డాలర్లు) ఫారం నింపాలి. మన నూట పదహార్లకు ఆ బెంగ అక్కర్లేదు!

పిల్లలకు ఇంటిపని

మొన్న ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది, "మాస్టారూ, నూట పదహారు ఎందుకో కనుక్కున్నారా?" అని. కనుక్కున్నానమ్మా. నూరు రూపాయలు పెళ్ళి ఖర్చుకు. పదహారు, మీ ఇల్లు పదహారణాలా నిండుగా ఉండాలని. ఆ పుస్తకంలో పేరు, రేపు మా ఇంట్లో పెళ్ళికి మీరూ రావాలని. ఇది నా అర్థం, నీకు ఇంకా మంచి అర్థం తోస్తే వచ్చే వారం క్లాసులో చెప్పు.

ఈ వేసవిలో ఇండియా వెళ్ళేవాళ్ళందరికీ ఒక ఇంటిపని. తాతయ్యనో నాన్నమ్మనో అడిగి మీ ఇంటి పాత చదివింపుల పుస్తకం తీయించండి. అందులో మీ అమ్మానాన్నల పెళ్ళిది ఉంటే మరీ మంచిది. అయిదు పేర్లు ఎంచుకుని, వాళ్ళు ఎవరు, ఏ ఊరు, ఏమిచ్చారు, మీకు ఏ వరస అవుతారు అని తెలుగులో రాసుకుని రండి. వాళ్ళలో ఎవరైనా ఇంకా ఆ ఊళ్ళోనే ఉంటే ఒకసారి వెళ్ళి పలకరించి రండి.

టిక్కు లేని పేర్లు ఏవైనా కనిపిస్తే మాత్రం అమ్మానాన్నలకు తప్పకుండా చెప్పండి.